వెనక చేతులు

హమజి రేవు, షిమా తీరం
నవంబరు

సాయో తల్లికి,

చలి పడింది. అక్కడా పడి ఉంటుంది. ఉత్తరమంటే ముందు చలో ఎండో రాయాలని కుమె అవ్వ చెప్పింది, రాశాను. ఇక నాకు కావలసింది అడుగుతాను.

ఆ మఠంలో నీళ్ళున్నాయా?

నిన్ను అక్కడ దింపి వచ్చిన ఎండుచేపల గోహెయి నా ముందు ప్రమాణం చేశాడు. "మూడు వందల ఏళ్ళ తోట వదినా, ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి చూసి పోతారు. అందులో చుక్క నీరు లేదు" అన్నాడు. అందుకే పంపాను. ఇంకో మఠంలో చెరువు, చేపలు, చెరువు మీద వంతెన అన్నాడు. వద్దన్నాను. "ఇదేం కోరికమ్మా, అందరూ నీళ్ళున్న చోటు అడుగుతారు" అని నవ్వాడు. వాడి బిడ్డలు నలుగురూ ఇంట్లోనే ఉన్నారు, నవ్వుతాడు.

మీ అక్క మినే పోయి రెండు నెలలు దాటింది. ఉన్నన్నాళ్ళూ నా ఉత్తరాలన్నీ అదే రాసిపెట్టేది. ఇప్పుడు నేనే రాసుకుంటున్నాను. బడి మూడో తరగతిలో మానేసినదాన్ని, నా అక్షరాలు పీతల్లా పక్కకి నడుస్తాయి, నువ్వే సర్దుకుని చదువు.

ఆ పూట మబ్బు. గుల్లల కోసం నేను ఇవతలి బండ దగ్గర మునుగుతున్నాను, అది అవతలి బండ దగ్గర. పైకి తేలి ఊపిరి వదిలినప్పుడల్లా దాని ఈల వినపడుతూనే ఉంది. మనలో ఒక్కొక్కరి ఊపిరి ఈల ఒక్కో తీరు కదా, మినేది చివర సాగుతుంది. అలా సాగిన ఈల ఒకటి విన్నాను. ఆ తర్వాత వినలేదు. గుల్లలు వేసుకునే తొట్టి తేలుతూ దొరికింది. తలగుడ్డ దొరికింది. అది దొరకలేదు.

నీళ్ళు లేని చోటైనా చెప్పి ఉంచుతున్నాను. విన్నదే, మళ్ళీ విను. మబ్బు పూట నీళ్ళ కింద అచ్చం నీలాంటి మనిషి, నీ ముఖమే పెట్టుకుని, నీలాగే తలగుడ్డ కట్టుకుని, ఏదైనా చేతికివ్వబోతే అది మనిషి కాదు, తోడుమునక. ఎదురుగా పుచ్చుకోకు. వీపు తిప్పి, రెండు చేతులూ వెనక్కి చాపి, వెనక చేతులతో పుచ్చుకుని, తిరిగి చూడకుండా వచ్చెయ్యి. ఎదురుగా పుచ్చుకున్నవాళ్ళు దానితోనే పోతారు.

తలగుడ్డ ఒకటి పంపుతున్నాను. నుదుటి దగ్గర రక్షగా ఊదా దారంతో నక్షత్రం, పక్కన గళ్ళు కుట్టాను. తోట ఊడ్చేటప్పుడు కట్టుకో. సన్యాసినులు నవ్వితే నవ్వనీ.

అమ్మ


షోయెన్-అన్ మఠం, క్యోటో
డిసెంబరు

అమ్మకి,

తలగుడ్డ అందింది. ఎవరూ నవ్వలేదు. ఇక్కడ ఉన్నదే ముగ్గురు. పెద్దమ్మగారు మ్యోరెన్‌గారికి ఎనభై దాటాయి, చెవులు సగమే పనిచేస్తాయి. వంట చూసే తోకుగారికి ముల్లంగి ఊరగాయ మీద ఉన్న భక్తి బుద్ధుడి మీద ఉందో లేదో చెప్పలేను. మూడోదాన్ని నేను. నాకింకా గుండు చేయలేదు, చేస్తామని కూడా అనలేదు. "ముందు ఊడవడం నేర్చుకో, జుట్టు సంగతి తర్వాత" అంటారు పెద్దమ్మగారు.

నీళ్ళు లేవమ్మా. గోహెయి మామ అబద్ధం చెప్పలేదు. కానీ సముద్రం ఉంది.

భయపడకు. తోట నిండా తెల్ల గులక పోసి ఉంటుంది, అన్నం మెతుకుల కంటే కొంచెం పెద్దది. రోజూ పొద్దున్నే దాని మీద చెక్క దంతె లాగాలి. లాగితే గీతలు పడతాయి. ఆ గీతలే అలలు. మధ్యలో రాళ్ళు దీవుల్లా ఉంటాయి, వాటి చుట్టూ గుండ్రంగా గీయాలి, నీళ్ళు బండకి తగిలి తిరిగినట్టు. రాతి మొదట్లో నాచు పట్టి ఉంటుంది. ఆ పని ఇప్పుడు నాదే. తోకుగారికి నడుము పట్టేసింది.

మొదటి రోజు ఏమైందో తెలుసా? ఒక రాయికి కింద నీడపట్టున ఒంపు ఉంది. అది చూడగానే నా చేయి దానంతటదే నడుం దగ్గరికి పోయింది, గుల్లలు పెకలించే ఇనుపచువ్వ కోసం. అవాబి గుల్ల తప్పకుండా ఉండే ఒంపది! పెద్దమ్మగారు వసారాలో కూర్చుని చూస్తూ, "ఏం వెతుకుతున్నావే?" అన్నారు. "అవాబి అమ్మగారూ" అన్నాను. "దొరికితే తోకుకి చెప్పకు, ఊరగాయ పెట్టేస్తుంది" అన్నారు.

చూడ్డానికి వచ్చినవాళ్ళు ఆ తెల్ల సముద్రం ముందు గంటలు గంటలు కూర్చుంటారు. ఒకాయన ఏడ్చాడు కూడా. నాకెందుకో దాని ముందు కూర్చోబుద్ధి కాదు. వెనక్కి వెనక్కి నడుస్తూ గీసుకుంటూ పోతాను కదా, నా అడుగులు నేనే చెరుపుకుంటూ. గట్టెక్కి చూస్తే అక్కడ ఎవరూ నడవనట్టే ఉంటుంది. అది మాత్రం బాగుండదు.

నువ్వు నీళ్ళలో దిగడం లేదు కదా? చలికాలం నాచు ఏరడానికైనా ఒంటరిగా పోకు.

సాయో


హమజి రేవు
జనవరి

సాయో తల్లికి,

కొత్త సంవత్సరం వచ్చింది. చావు జరిగిన ఇల్లు కాబట్టి గుమ్మానికి కొత్త గడ్డితాడు కట్టలేదు, బియ్యపు ముద్దలు దంచలేదు. కుమె అవ్వ తెచ్చి ఇచ్చింది, తిన్నాను.

నీ ఉత్తరం చదివాను. మళ్ళీ చదివాను, తప్పుగా చదివానేమోనని. నేను నిన్ను సముద్రం లేని చోటికి పంపితే, నువ్వు అక్కడ కూర్చుని రోజూ పొద్దున్నే సముద్రం చేస్తున్నావా? సముద్రాన్ని చేతులారా చేసుకునేవాళ్ళెవరు? మన దగ్గర ఉన్నది చాలలేదా?

మునిగేవాళ్ళం అందరం రేవు గుడిసెలో నిప్పు చుట్టూ కూర్చున్నప్పుడు ఈ సంగతి చెప్పాను. కుమె అవ్వ పడీపడీ నవ్వింది. "ఒసే నుయీ, ఇసకలో మునిగి చచ్చినదాన్ని ఎక్కడైనా విన్నావటే? క్యోటో వాళ్ళకి ఉప్పు తగలని సముద్రం కావాలి, చేసుకున్నారు" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత అవ్వ నా మోకాలి మీద చెయ్యి వేసి మెల్లగా, "పిల్లని వంటింట్లో వెయ్యమని రాయి" అంది. అంటే అవ్వకీ భయమే.

పెద్దమ్మగారికి మొక్కి వంటపని అడుగు. ముల్లంగి తరుగు. ఆ దంతె ముట్టుకోకు. గీయక తప్పకపోతే మబ్బు రోజున గీయకు. అడుగులు చెరుపుకుంటూ నడవకు తల్లీ, అది మంచిది కాదు. కావాలని ఒక్క అడుగు ఉంచెయ్యి, ఎవరో నడిచారని తెలియాలి.

నా సంగతి అడగకు. నేను బాగానే ఉన్నాను.

అమ్మ


షోయెన్-అన్ మఠం
మార్చి

అమ్మకి,

మంచు పట్టే రోజులు. త్సుబాకి పూలు రాలుతున్నాయి. ఆ పూలు రేకు రేకుగా రాలవు, తల తెగినట్టు పువ్వు మొత్తం ఊడి పడుతుంది. తెల్ల గులక మీద ఎర్రగా అక్కడొకటి ఇక్కడొకటి.

నీకు చెప్పకూడదనుకున్నాను. కానీ చెప్పకుండా ఉంటే రాత్రి నిద్ర రాదు.

నిన్న పొద్దున గోడలు కనపడనంత మంచు. నేను గీతలు మొదలుపెట్టి వెనక్కి నడుస్తున్నాను. తలెత్తి చూస్తే అవతలి ఒడ్డున తెల్లగా ఒక మనిషి. తెల్ల బట్టలు, తలకి తెల్లగుడ్డ. వంగి నీళ్ళలోంచి ఏదో తీసింది. నీళ్ళు అని రాశాను చూడు, గులక. తీసి నిలబడింది. నా వైపు నడిచింది. అలల మీద నడిచి వస్తోందమ్మా. గీసేవాళ్ళు తప్ప ఈ తోటలో గులక మీద ఎవరూ అడుగు పెట్టరు. ముఖం కనపడలేదు. రెండు చేతులూ చాపి నాకేదో ఇవ్వబోయింది.

నువ్వు చెప్పినట్టే చేశాను. గిరుక్కున వీపు తిప్పి, చేతులు వెనక్కి చాపి, కళ్ళు మూసుకున్నాను. అరచేతుల్లో చల్లగా మెత్తగా ఏదో పడింది.

"ఏమేవ్, నీ ఊళ్ళో పెద్దవాళ్ళ దగ్గర పువ్వు ఇలాగే పుచ్చుకుంటారా?"

పెద్దమ్మగారు! స్నానం చేసి లోపలి బట్టలతోనే వచ్చేశారు, నేను పూలు తొక్కేస్తానని ముందే ఏరడానికి. నా చేతిలో త్సుబాకి పువ్వు. నేను నేల మీద పడి నుదురు ఆనించి క్షమించమన్నాను. వీపు చూపించడం ఎంత తప్పు! ఇక ఇంటికి పంపేస్తారనుకున్నాను. ఎందుకలా చేశావని అడిగితే మొత్తం చెప్పాను, అక్క సంగతి కూడా. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని అంతా విన్నారు. చివరికి, "పువ్వు కాబట్టి సరిపోయింది. వేడి టీ అయితే ఏం చేసేదానివి? వెనక చేతుల్లో పోస్తే నడుం కాలిపోదూ?" అన్నారు.

తోకుగారు మధ్యాహ్నం దాకా నవ్వుతూనే ఉన్నారు. నాకేం ఇచ్చినా నా వెనక్కి వచ్చి ఇస్తున్నారు.

నువ్వు కూడా నవ్వమ్మా. అందుకే రాశాను.

సాయో


హమజి రేవు
మే

సాయో తల్లికి,

ఎండలు బాగా ఉన్నాయి. గుల్లల పని మొదలైంది. నాచు ఎండబెట్టి పంపుతున్నాను.

నాకు నవ్వు రాలేదు. పెద్దమ్మగారే అయి ఉండవచ్చు. ఈసారికి ఆవిడే. మరోసారి ఆవిడ కాకపోతే? గుర్తుపట్టడం నేర్చుకో. దాని తలగుడ్డ కొస మనదానికంటే పొడుగ్గా ఉంటుంది, నీటివాలుకి ఊగదు, ఎదురు ఊగుతుంది. అది తొందరపడదు. నువ్వు చూసేదాకా బండ వెనక ఆగి ఉంటుంది. చూశాక వస్తుంది. దూరంలో నీ ముఖమే. దగ్గరికి వచ్చేసరికి వయసు తగ్గుతుంది. రెండు చేతులూ చాపుతుంది, ఎడమచేతి చిటికెన వేలు లోపలికి వంగి ఉంటుంది, గుల్ల ఆ వేలి మీదే ఆని ఉంటుంది. నవ్వదు. పొద్దుటినుంచి అన్నం తినని పిల్ల చూసినట్టు చూస్తుంది. నీకు ఊపిరి అయిపోతున్నా దానికి అయిపోదు. వీపు తిప్పాక కూడా అది అక్కడే నిలబడి ఉందని మెడ మీద తెలుస్తుంది.

అలాంటిది కనపడితే వెనక చేతులతో పుచ్చుకుని వచ్చెయ్యి. తిరిగి చూడకు. తిరిగి చూడాలనిపిస్తుంది. చూడకు.

మొన్న నాలుగు రోజులు మబ్బు. అవ్వావాళ్ళంతా గుడిసెలోనే కూర్చున్నారు. నాకు పెద్ద అవాబి ఒకటి దొరికింది, అరచేయంత.

అమ్మ


షోయెన్-అన్ మఠం
మే

అమ్మా,

నీ ఉత్తరం పట్టుకుని పొద్దుటినుంచి తిరుగుతున్నాను. దంతె ఎక్కడ పెట్టానో తెలియలేదు.

మబ్బు రోజుల్లో అందరూ గుడిసెలో కూర్చుంటే నీకు అవాబి ఎలా దొరికింది?

కుమె అవ్వ చెప్పే కథలో తలగుడ్డ కొస ఉంది. వెనక చేతులున్నాయి. చిటికెన వేలు లేదు. చిన్నప్పటినుంచి వింటున్నాను, లేదు. ఎడమ చిటికెన వేలు వంకర అక్కది. పడవ అంచుకీ బండకీ మధ్య నలిగి, అలాగే అతుక్కుంది. నువ్వే ఆకులు కట్టావు.

ఎవరికీ చెప్పకుండా మబ్బు రోజున ఒంటరిగా దిగుతున్నావు. అవతలి బండ దగ్గర. అక్కని చూస్తున్నావు.

అమ్మా, నేను ఇసక మీద ఉన్నాను. కుమె అవ్వ అన్నట్టు ఇసకలో ఎవరూ మునగరు. నువ్వు ఇన్నాళ్ళూ నా కోసం భయపడుతున్నావనుకున్నాను. అబద్ధమని రాయి. నేను తప్పుగా అనుకున్నానని రాయి. ఒక్క ముక్క చాలు.

సాయో


హమజి రేవు
జూన్

సాయోకి,

పెద్దదాన్ని ప్రశ్నలడిగేంత అయ్యావా? మఠంలో ఇదేనా నేర్పింది? నా నీళ్ళు నాకు తెలుసు. నువ్వు పుట్టకముందు నుంచి మునుగుతున్నాను.

ఇంతవరకూ రాసి కాగితం పక్కన పెట్టాను. రెండు రోజులు అలాగే ఉంది. అబద్ధం రాయడానికి కూడా చదువు కావాలి కాబోలు, నాకు చేతకాలేదు.

మనల్ని చూసి ఊళ్ళో ఏమనేవాళ్ళు? "తల్లినీ కూతుళ్ళిద్దరినీ ఒక్క అచ్చులోనే పోశారు" అనేవాళ్ళు కదా. అందుకే నాకు తెలియడం లేదు. దూరంగా చూస్తే నేనే. దగ్గరికి వస్తే మినే. అచ్చు ఒకటే అయినప్పుడు తోడుమునక ఏదో, బిడ్డ ఏదో, ఎలా చెప్పడం?

మొదటిసారి వెనక చేతులతోనే పుచ్చుకున్నాను. పైకి వచ్చి చూస్తే చేతిలో నిజంగానే గుల్ల ఉంది. నేనే పెకలించి మరిచిపోయానేమో. అమ్మలేదు, తినలేదు, మళ్ళీ అక్కడే వదిలేశాను. ఆ తర్వాత ఇంట్లో కూర్చుంటే వీపు మండిపోయేది. ఏ తల్లైనా ఏదో తెచ్చి ఇస్తున్న బిడ్డకి వీపు చూపిస్తుందా? మినే అన్నేళ్ళూ గుల్ల దొరకగానే మొదట నాకే చూపించేది. "చూడవే అమ్మా, నీ దానికంటే పెద్దది" అనేది. నీళ్ళలో కనపడేది తోడుమునకే కావచ్చు. నూటికి తొంభై అదే. కాకపోతే?

రెండుసార్లు చూశాను, రెండుసార్లూ వీపే తిప్పాను. మూడోసారి ఎదురుగానే పుచ్చుకుంటానేమోనని నాకు భయంగా ఉంది. నీళ్ళంటే కాదు, అదంటే కాదు. నా చేతులంటేనే భయంగా ఉంది. పొద్దున్నే ఆకాశం చూస్తాను. ఎండ వస్తే ఏడుపొస్తుంది, మబ్బు పడితే కాళ్ళు వాటంతటవే రేవుకి పోతాయి.

వానలు మొదలయ్యాయి. ఈ నెలంతా మబ్బే.

అమ్మ


షోయెన్-అన్ మఠం
జూన్

అమ్మా,

చలీ ఎండా రాయను.

నా మూట కట్టి గుమ్మం దగ్గర పెట్టాను. నీ దగ్గర్నుంచి జవాబు రావడానికి పట్టినంత సేపే ఆగుతాను. నువ్వు మబ్బు రోజున దిగితే నేనూ దిగుతాను. ఇనుపచువ్వ అక్క పాతది ఉంది, తలగుడ్డ నువ్వు కుట్టినదే ఉంది. నువ్వు ఇవతలి బండ దగ్గర ఉంటే నేను అవతలి బండ దగ్గర ఉంటాను. నాది రెండు వేసవుల మునక, ఊపిరి తక్కువ, నీకు తెలుసు. నేను బెదిరించడం లేదు. అక్క నాకు కూడా అక్కే.

లేదా నువ్వే రా.

పెద్దమ్మగారికి నీ ఉత్తరం చదివి వినిపించాను, గట్టిగా చదవాల్సి వచ్చింది. "వానల నెలలో తోటకి ఎవరూ రారు. మీ అమ్మని రమ్మను. రాకపోతే నువ్వు వెళ్ళు, నేనెవరినీ కట్టెయ్యను" అన్నారు. తోకుగారు నీ కోసమని కొత్త జాడీ తెరిచారు. ఆవిడ జాడీ తెరవడమంటే చిన్న సంగతి కాదు.

రైలు దాకా గోహెయి మామ బండి ఎక్కు. రేవు వైపు చూడకుండా కొండ దారిన రా.

సాయో


హమజి రేవు
జులై

సాయో తల్లికి,

వానలు తగ్గుముఖం పట్టాయి. ఇల్లు చేరాను. మఠంలో ఉన్నన్ని రోజులూ నీతో ఏమీ మాట్లాడలేకపోయాను. ముల్లంగి బాగుందన్నాను, పక్క మెత్తగా ఉందన్నాను. ఇంటికి వచ్చాక నోరు తెరుచుకుంది. నువ్వు చూసినదే, నా వైపు నుంచి ఎలా ఉందో చెప్తాను.

రైల్లో కిటికీ పక్కన కూర్చోలేదు, నదులు వస్తాయని. మఠం గుమ్మంలో పెద్దమ్మగారు నన్ను పైకీ కిందికీ చూసి, "అచ్చం కూతురే. అది నాకు వీపు చూపించింది, నువ్వేం చూపిస్తావో" అన్నారు. నవ్వాలో మొక్కాలో తెలియక రెండూ చేశాను.

మర్నాడు పొద్దున నన్ను వసారాలో కూర్చోబెట్టి అందరూ లోపలికి పోయారు. కాళ్ళు కిందికి వేలాడదీయలేదు, మడిచి పైకి పెట్టుకున్నాను. సన్నగా వాన తుంపర, గోడ దాకా మంచు. నువ్వు రాసినప్పుడు ఆటబొమ్మ అనుకున్నాను. కాదు. ఆ గీతలు నువ్వు గీసినవని నాకు వెంటనే తెలిసింది. రాళ్ళ దగ్గర నీళ్ళు ఎలా తిరుగుతాయో అలాగే తిరిగాయి. అవతల పెద్ద బండ, ఇవతల చిన్న బండ, మధ్యలో ఇరుకు. మన రేవే. మూడు వందల ఏళ్ళ కిందట ఎవరో మన రేవుని చూడకుండానే పెట్టారా? నా చేయి కూడా నడుం దగ్గరికి పోయింది. అంత సముద్రం, ఒక్క చప్పుడు లేదు. నీళ్ళ కింద అలాగే ఉంటుంది. నేను ఊపిరి బిగబట్టాను. తెలిసి కాదు.

అప్పుడు పెద్ద బండ వెనక తెల్లగా కనపడింది.

బండ వెనక ఆగింది. ఒడ్డు వెంబడి మెల్లగా వచ్చింది. తల మీద నేను కుట్టిన నక్షత్రం కనపడింది, అయినా నమ్మలేదు. మినే తలగుడ్డ మీద కూడా ఉందిగా నక్షత్రం. దూరంలో నా ముఖం. దగ్గరికి వచ్చేకొద్దీ వయసు తగ్గింది. నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులూ చాపింది. గిన్నె పట్టుకున్న ఎడమచేతి చిటికెన వేలు లోపలికి వంగి ఉంది.

ఎదురుగా పుచ్చుకుంటానని భయపడిన చేతులు తల్లీ ఇవి. ఏం చేశాయో చూశావు కదా. నేను వీపు తిప్పేశాను. చేతులు వెనక్కి చాపేశాను. నా ఒంటికి ఇంకా బతకాలని ఉందని అప్పటిదాకా నాకే తెలియదు. కళ్ళు గట్టిగా మూసుకున్నాను. అది నా వెనక నిలబడి ఉందని మెడ మీద తెలుస్తోంది. మినే అయితే మళ్ళీ వీపు చూపించాను. మినే కాకపోతే బతికిపోయాను. రెండింట్లో ఏది అయినా నేను తట్టుకోలేను. ఊపిరి అయిపోవస్తోంది.

"అమ్మా, వేడిగా ఉంది. వెనక నుంచి ఇస్తే ఒలికిపోతుంది."

నీళ్ళ కింద ఎవరూ మాట్లాడరు సాయో. రెండుసార్లు చూశాను దాన్ని, ఒక్క మాట అనలేదు. నేను మనసులో ఎంత అడిగినా.

ఆ మాట అన్నాక నువ్వు తొందరపెట్టలేదు. గిన్నె పట్టుకుని అలాగే కూర్చున్నావు, నీ చేతులు కాలుతూ ఉండి ఉంటాయి. తిరగడానికి నాకెంతసేపు పట్టిందో నీకే తెలియాలి. తిరిగాను. ఎదురుగా పుచ్చుకున్నాను. గిన్నె కింద నీ వేళ్ళు నా వేళ్ళకి తగిలాయి, వెచ్చగా. చిటికెన వేలు వంకర కాదు, గిన్నె వేడికి ముడిచావంతే.

అప్పుడే ఊపిరి వదిలాను. సెప్టెంబరు నుంచి లోపలున్న ఊపిరి. ఈల వచ్చేసింది, ఆ మఠంలో, అంత నిశ్శబ్దంలో. చివర సాగింది. మినేది సాగినట్టే సాగింది. మరి అది నేర్చుకున్నది నా దగ్గరే కదా.

"తోకూ, నీళ్ళు మరిగినట్టున్నాయి, పొయ్యి మీంచి దించు!" అని పెద్దమ్మగారు లోపలినుంచి అరిచారు. సగం చెవులకి అదొక్కటే వినపడింది కాబోలు. నువ్వు నవ్వావు. టీ చేదుగా ఉంది. అంతా తాగేశాను.

ఇక ఇక్కడి సంగతి. నిన్న మబ్బు. పొద్దున్నే కాళ్ళు రేవు వైపు పోయాయి, నిజమే చెప్తున్నాను. కుమె అవ్వ గుడిసె గుమ్మానికి అడ్డంగా కూర్చుని ఉంది. "క్యోటో వెళ్ళొచ్చిందట మహారాణి, నిప్పు ఊదడం మరిచిపోయిందేమో చూద్దాం" అంది. ఆవిడకి నువ్వు ఉత్తరం రాశావని నాకు తెలుసు. లోపలికి పోయి నిప్పు ఊదాను. మబ్బు విడిచేదాకా అక్కడే కూర్చున్నాను. భయం పోలేదు. అవతలి బండ వైపు చూస్తే ఇంకా పిలుస్తున్నట్టే ఉంటుంది. కానీ దిగలేదు.

సాయంత్రం ఒడ్డున నిలబడి, పాదాలు తడవకుండా, మినేకి చెప్పాను. "వచ్చే నెల పోయినవాళ్ళంతా ఇళ్ళకి వచ్చే బోన్ పండగ. నీకిది మొదటి బోన్. గుమ్మం ముందు నిప్పు వెలిగిస్తాను, దీపం కడతాను. అందరిలాగే దారి వెంట నడిచి, గుమ్మంలోంచి ఇంట్లోకి రా. నీళ్ళలో నన్ను పిలవకు. అక్కడ నీకు వీపే చూపిస్తాను. ఇంట్లో ఎదురుగా కూర్చుని అన్నం పెడతాను" అన్నాను. ఏం విందో తెలియదు. అల వచ్చి పోయింది.

నువ్వూ రా తల్లీ. నిన్ను ఈ ఒడ్డుకి మళ్ళీ రమ్మంటానని అనుకోలేదు, రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాశాను. కానీ బోన్ రోజుల్లో ఊళ్ళో ఎవరూ నీళ్ళలో దిగరు. ఆ రోజుల్లో వచ్చి, ఆ రోజుల్లోనే వెళ్ళిపో. పెద్దమ్మగారికి నా మొక్కు చెప్పు. తోకుగారికి నాచు పంపుతున్నాను.

కొండ దారిన రా. గుమ్మంలోనే ఉంటాను. నీకేదైనా ఇస్తే ఎదురుగా నిలబడే ఇస్తాను, నువ్వూ ఎదురుగానే పుచ్చుకో.

అమ్మ